ముద్ర, చేవ్రాలు, గొంతు: ఉత్తరాంధ్ర తొలితరం రంగస్థల, చలనచిత్ర కళాకారుల సంతకాల సేకరణ

ఉపోద్ఘాతం

ప్రసిద్ధుల చేతిరాతను పదిలపరచుకొనే అలవాటు ఐరోపాలో పదహారో శతాబ్ది నాటికే స్థిరపడింది. జర్మన్ విశ్వవిద్యాలయాల విద్యార్థులు గురువులతో, మిత్రులతో చిన్న పుస్తకాలలో నాలుగు వాక్యాలు రాయించుకొని కింద సంతకం పెట్టించుకొనేవారు. ఆపెరా గాయనీగాయకుల కీర్తి ఖండాంతరాలకు వ్యాపించాక ఈ అలవాటు రంగస్థలం వైపు మళ్లింది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికి సంతకం చేసిన ఛాయాచిత్రం, ప్రదర్శన పత్రిక, ఉత్తరం కొనుగోలు వస్తువులయ్యాయి. చలనచిత్రం వచ్చాక సంతకాల పుస్తకం బడిపిల్లల చేతికి కూడా చేరింది.

తెలుగునాట గానం, అభినయం కలిసిన నాటకప్రక్రియలు యక్షగానం, వీధిభాగవతం, హరికథ, పద్యనాటకం. ఆపెరాకు ఇక్కడ సాటి వెదకదలిస్తే వీటిలోనే వెదకాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతం ఈ ప్రక్రియలన్నింటికీ ఆటపట్టు. తొలితరం గ్రామఫోను కళాకారులను, చలనచిత్ర గాయకులను ఇచ్చిన నేల కూడా ఇదే. కాబట్టి ఈ ప్రాంత కళాకారుల సంతకాలను సేకరించడం అభిరుచికి మాత్రమే సంబంధించిన పని కాదు. అది కళాచరిత్రకు ఆధారాలను సమకూర్చే పని.

అయితే పాశ్చాత్య సేకర్తల పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకొంటే రెండు నష్టాలున్నాయి. మొదటిది, సంతకాన్ని కాగితం నుంచి వేరుచేసి విలువకట్టడం వల్ల ఆ కాగితం చెప్పే చరిత్ర పోతుంది. రెండవది, సంతకం చేయగలిగిన వారు మాత్రమే కళాకారులుగా మిగులుతారు. ఈ రెండు నష్టాలను ఉత్తరాంధ్ర ఉదాహరణలతో పరిశీలించి, ఇక్కడి కళాసంప్రదాయానికి తగిన సేకరణ పద్ధతి ఏదో నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల సాక్ష్యం

సంతకానికి తెలుగులో ఉన్న మాటలే ఈ చర్చకు మొదటి ఆధారం. ‘చేవ్రాలు’ అంటే చేతి రాత. పారసీకం నుంచి వచ్చిన ‘దస్కతు’ అర్థం కూడా అదే. చేయి, రాత అనే రెండు మాటలు కలిసి ఏర్పడిన సమాసమది. పాత దస్తావేజులలో రాసినవాని పేరు ‘దస్తూరి’ కింద వేరుగా ఉంటుంది. రాయించుకొన్నవాని చేవ్రాలు వేరుగా ఉంటుంది. అక్షరం రానివాడు ‘నిశానీ’ పెడతాడు, లేదా వేలిముద్ర వేస్తాడు. అంటే పత్రం రాసిన చేయి, పత్రానికి బాధ్యత వహించిన చేయి వేరువేరు కావచ్చునని మన దస్తావేజు సంప్రదాయం మొదటి నుంచీ గుర్తించింది. ఆ రెండు చేతులనూ గుర్తించే స్థలం అదే పత్రంలో కల్పించింది.

వీటికంటె విశాలమైన మాట ‘ముద్ర’. రాజు వేసే మొహరు ముద్ర. వేలి గుర్తు ముద్ర. నర్తకి హస్తవిన్యాసం ముద్ర. వాగ్గేయకారుడు చరణంలో పొదిగే తన పేరు లేదా తన ఇష్టదైవం పేరు కూడా ముద్రే. క్షేత్రయ్య పదాలకు మువ్వగోపాల ముద్ర, త్యాగరాజ కృతులకు ఆయన పేరే ముద్ర. కాగితం మీద సంతకానికి గుర్తింపు రాకముందే ఈ సంగీత సంప్రదాయం కర్తృత్వాన్ని పాటలోనే నమోదు చేసుకొన్నది. ఆ ముద్రను చెరపాలంటే పాటను చెరపాలి. పాడిన ప్రతి గాయకుడూ కర్త సంతకాన్ని మరల పెట్టినట్టే.

నాటక సంప్రదాయంలో కూడా ఇటువంటి ఏర్పాటున్నది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పల్లెలలో రాత్రంతా సాగే తూర్పు భాగవతంలో సత్యభామ పాత్ర ప్రధానం. తెర మీద జడ వేసి, ప్రవేశదరువులో తన పేరూ తన ప్రతిష్ఠా తానే చాటుకొని ఆ పాత్ర రంగానికి వస్తుంది. కథ మధ్యలో కృష్ణునికి లేఖ రాసే ఘట్టం ఉంటుంది. తన పేరును తానే ప్రకటించడం, తన చేతితో లేఖ రాయడం, ఈ రెండూ ప్రదర్శనలో భాగాలైన కళారూపమిది. దానిని ఆడిన కళాకారులలో అనేకుల చేవ్రాలు మాత్రం ఏ కాగితం మీదా లేదు. పాత్రకు దక్కిన లేఖ పాత్రధారికి దక్కలేదు.

రసీదు మీది సంతకం

ఉత్తరాంధ్రలో కళాకారుని సంతకం తొలుత కనిపించేది అభిమాని పుస్తకంలో కాదు, లెక్కల కాగితాలలో. దీనికి కారణం కళాపోషణ సాగిన తీరు. విజయనగర సంస్థానం పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో సంగీత సాహిత్యాలకు పెద్ద ఆశ్రయం. ఆనంద గజపతి కాలంలో జగన్నాథ విలాసినీ సభ నాటక ప్రదర్శనలు నిర్వహించింది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892 ఆగస్టు 13న ఆ సభ పక్షాన విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమయింది. 1897లో అచ్చయి ఆనంద గజపతికి అంకితమయింది. 1909లో దాని రెండో కూర్పు వెలువడింది.

ఈ చరిత్రలో రచయిత చేవ్రాలుకు, నటుల చేవ్రాలుకు పట్టిన గతులు వేరు. గురజాడ డైరీలు, లేఖలు ఆయన తరువాత పలువురి చేతులు మారినప్పటికీ విలువైనవిగా గుర్తింపు పొందాయి. అవసరాల సూర్యారావు కృషితో విశాలాంధ్ర ప్రచురణలుగా పాఠకులకు అందాయి. రచయిత రాసినదల్లా సాహిత్యమనే భావన ఆ కాగితాలను కాపాడింది. నటుడు రాసిన కాగితానికి అటువంటి రక్షణ లేదు. అతని కళ ప్రదర్శన ముగియగానే ముగుస్తుంది. అతడు సంతకం చేసినది పారితోషికం రసీదు, ప్రయాణఖర్చుల చీటీ, కాంట్రాక్టరుతో చేసుకొన్న ఒడంబడిక. ఇవి లెక్కలు చూసుకొన్నాక పారవేసే కాగితాలు.

కానీ చరిత్రకారునికి ఇవే ముఖ్యం. 1899 నాటి భారత స్టాంపుల చట్టం ప్రకారం ఇరవై రూపాయలు మించిన మొత్తానికి ఇచ్చే రసీదు మీద ఒక అణా స్టాంపు అంటించి, దానిని రద్దుచేసేటట్టు సంతకం చేయవలసి ఉండేది. చక్రవర్తి బొమ్మ మీదుగా సాగిన కళాకారుని చేవ్రాలు ఆ విధంగా ఏర్పడింది. ఆ ఒక్క కాగితం మీద తేదీ ఉంటుంది, ఊరు ఉంటుంది, ఇచ్చినవారి పేరు ఉంటుంది, మొత్తం ఉంటుంది. కళాకారుడు తన పేరును ఏ లిపిలో, ఏ రూపంలో రాసుకొన్నాడో తెలుస్తుంది. ప్రధాన గాయకునికీ పక్కవాద్యగానికీ మధ్య పారితోషికంలో ఎంత తేడా ఉన్నదో రెండు రసీదులను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. అభిమాని పుస్తకంలోని సంతకం వీటిలో ఒక్కదానికి కూడా సమాధానం చెప్పదు.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడడంతో ఈ కాగితాల స్వభావం మారింది. అంధుడైన చాగంటి గంగరాజు సంగీత శిక్షణ కోసం విజయరామ గజపతి దీనిని స్థాపించాడన్నది కళాశాల చరిత్రలో స్థిరపడిన వృత్తాంతం. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వేంకటస్వామినాయుడు వాయులీన ఆచార్యుడుగా చేరి, 1936లో అధ్యక్షపదవి స్వీకరించాడు. రాజు మెచ్చి ఇచ్చే సంభావన స్థానంలో నెలజీతం వచ్చింది. దానితో పాటు హాజరుపట్టీ, జీతాల రిజిస్టరు, పరీక్షల ధ్రువపత్రం వచ్చాయి. ఆస్థాన విద్వాంసుడు ఆచార్యుడైన పరిణామానికి సాక్ష్యం ఈ సంతకాలే. చూపులేని విద్యార్థి కోసం పుట్టినదని చెప్పే విద్యాలయంలో, చిన్ననాటి నుంచి చూపు మందగించిన ద్వారం వంటి విద్వాంసుడు గురుస్థానంలో ఉండడం గమనించదగినది. అక్కడి విద్య ప్రధానంగా చెవి నుంచి చెవికి సాగింది. కాగితం దానికి లెక్క మాత్రమే.

ఆ లెక్కకు అందనివి కూడా ఉన్నాయి. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావు విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి వద్ద సంగీతం అభ్యసించాడు. ఆ రోజులలో మధుకరం ఎత్తి పొట్టపోసుకొన్నాడు. తరువాతి కాలంలో ఆయన సంతకం కోసం ఎదురుచూసిన వారెందరో. కానీ జోలెలో పడిన అన్నానికి రసీదు ఉండదు. సేకర్త చేతికి వచ్చే కాగితాలు కీర్తి వచ్చిన తరువాతివి. కీర్తికి ముందున్న కాలాన్ని ఇంటివారి జ్ఞాపకాల ద్వారా, గురుశిష్యుల మాటల ద్వారా పూరించుకోవలసి ఉంటుంది.

పేరు రాసుకొనే తీరు

సంతకంలో పేరు ఏ రూపంలో ఉన్నదనేది కాలనిర్ణయానికి ఉపకరించే అంశం. అజ్జాడలో 1864 ఆగస్టు 31న పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు జన్మనామం సూర్యనారాయణ. కుప్పుస్వామినాయుడు హరికథ విన్నాక ఆయన ఆ ప్రక్రియలో ప్రవేశించాడు. ‘దాసు’ అన్నది హరికథకుని వృత్తినామం, భక్తుని వినయనామం కూడా. ఆ రూపంలో ఉన్న చేవ్రాలు ఆయన హరికథా జీవితానికి చెందినదే అవుతుంది. బడిలోనో, కచేరీలోనో ఉండే తొలినాటి నమోదులలో వేరొక రూపాన్ని ఆశించాలి. రెండు రూపాలు రెండు వేరు వ్యక్తులవని పొరపడిన సూచిక ఒక మనిషి జీవితాన్ని రెండుగా చీలుస్తుంది.

ఇంటిపేరు విషయం మరొకటి. తెలుగులో ఇంటిపేరు ముందుంటుంది. చాలా ఇంటిపేర్లు ఊళ్ల పేర్లు. ఇంగ్లీషు సంతకంలో ఇంటిపేరు ఒక అక్షరంగా కుదించుకుపోతుంది. సాలూరి రాజేశ్వరరావు తెలుగులో రాసినప్పుడు ఊరు ముందుంటుంది. రికార్డు లేబుళ్ల మీద, చిత్రాల పేర్లలో ‘ఎస్.’ అనే పొట్టి అక్షరం ఉంటుంది. ఘంటసాల విషయంలో దీనికి విపర్యయం జరిగింది: ఇంటిపేరే పేరుగా నిలిచి, పెట్టిన పేరు వెనక్కి జరిగింది. సూచిక తయారుచేసేవారు ఈ రూపాలన్నిటినీ ఒకే వ్యక్తి కింద చేర్చి, ఏ రూపం ఏ కాగితం మీద ఉన్నదో వేరుగా చూపాలి.

గొంతుతో చేసిన సంతకం

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో భారతీయ గానాన్ని రికార్డు చేశాడు. గౌహర్‌జాన్ పాట ముగియగానే తన పేరును ఇంగ్లీషులో గట్టిగా చెప్పిన సంగతి ప్రసిద్ధం. అప్పట్లో మైనపు మాతృకలు జర్మనీలోని హానోవరుకు వెళ్లి, అక్కడ రికార్డులుగా అచ్చయి తిరిగివచ్చేవి. భాష తెలియని పనివారు ఏ ప్లేటు ఎవరిదో గుర్తించి లేబులు అంటించడానికి ఈ ప్రకటన ఉపకరించింది. 1908లో కలకత్తా సియాల్దాలో కర్మాగారం ఏర్పడింది. కాలక్రమంలో ఆ ప్రకటన అవసరం తీరిపోయింది.

అదే కాలంలో ఐరోపాలో మరొక పద్ధతి కనిపిస్తుంది. 1904లో వెలువడిన ఆపెరా గాయని నెల్లీ మెల్బా రికార్డులకు ప్రత్యేకమైన లేత ఊదారంగు లేబులు వేసి, దాని మీద ఆమె సంతకం నమూనాను అచ్చువేశారు. కొనుగోలుదారుకు ఆమె చేతిరాత కూడా దక్కినట్టు అనిపించే వ్యాపార నైపుణ్యమది. ఒకచోట గొంతు సంతకమయింది, మరొకచోట సంతకం అచ్చయింది. మెల్బా లేబులు మీది సంతకం వేల ప్రతులలో ఒకటే. దానిని ఆమె తాకలేదు. గౌహర్‌జాన్ పలికిన పేరు కూడా అచ్చయినదే, కానీ ఆ పలుకు ఆ పాట పాడిన ఊపిరి చివరనే వెలువడింది. చేవ్రాలుకు ఉండవలసిన లక్షణం, అంటే ఆ వ్యక్తి ఆ క్షణంలో అక్కడ ఉన్నాడన్న రుజువు, ఈ రెండవదానిలో ఎక్కువగా ఉన్నది.

ఈ దృష్టితో చూస్తే 78 వేగపు రికార్డులు కేవలం సంగీతాధారాలు కావు, సంతకాలు కూడా. ద్వారం వేంకటస్వామినాయుడు వాయులీన రికార్డులను విన్న రసికుడు కమాను నడకను బట్టి ఆయనను గుర్తుపట్టగలడు. పక్కవాద్యంగా ఉన్న వాయులీనాన్ని ఏకవాద్య కచేరీ స్థాయికి తెచ్చిన విద్వాంసుడాయన. కరపత్రంలో వాయులీన విద్వాంసుని పేరు రెండో వరుస చిన్న అక్షరాల నుంచి మొదటి వరుస పెద్ద అక్షరాలకు ఎక్కడం ఆ మార్పుకు కంటికి కనిపించే గుర్తు. 1952లో భారతదేశానికి వచ్చిన యెహుదీ మెనూహిన్ మద్రాసులో పి. వి. రాజమన్నారు ఇంట ద్వారం వాయులీనం విన్నాడు. ఇటువంటి సందర్భాల ఆహ్వానపత్రం, ఛాయాచిత్రం, మర్నాటి పత్రికలోని వార్త కలిసి ఉన్నప్పుడే ఒక సంతకానికి సందర్భం దొరుకుతుంది.

పద్యనాటకంలో కూడా గొంతే సంతకం. తిరుపతి వేంకటకవుల ఉద్యోగవిజయ నాటకాలలో శ్రీకృష్ణ పాత్రధారిగా ఉత్తరాంధ్రకు చెందిన పీసపాటి నరసింహమూర్తి పొందిన కీర్తి ఇందుకు నిదర్శనం. పద్యం అందరిదీ ఒకటే. పద్యాన్ని విడమరచడంలో, భావం చెడకుండా రాగాన్ని ఎంతవరకు సాగించాలో తెలియడంలో నటుని సొంత గుర్తు ఉంటుంది. ‘వన్స్‌మోర్’ కొట్టే ప్రేక్షకుడు కోరేది ఆ గుర్తునే. సంతకాల పుస్తకం లేని ఊళ్లో ప్రేక్షకుడు కళాకారుని చేవ్రాలును చెవిలో దాచుకొన్నాడు.

తెర మీది పేరు

సాలూరు సమీపంలోని శివరామపురంలో పుట్టిన రాజేశ్వరరావు జీవితంలో ఈ మార్పులన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు, ద్వారం కచేరీలకు సహకరించినవాడు. కుమారుడు బాల్యంలోనే గ్రామఫోను గాయకుడై, 1935లో వేల్ పిక్చర్స్ నిర్మించిన ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రంలో బాలకృష్ణ పాత్ర ధరించాడు. అందులో కంసుడు వేమూరి గగ్గయ్య. నేపథ్యగానం ఇంకా స్థిరపడని ఆ రోజులలో తెర మీది ముఖమూ గొంతూ ఒక్కరివే. తరువాత ఆయన సంగీతదర్శకుడై ‘మల్లీశ్వరి’ వంటి చిత్రాలకు పనిచేశాడు. అప్పటికి ముఖం ఒకరిది, గొంతు మరొకరిది, స్వరరచన వేరొకరిది. మృదంగం వాయించిన తండ్రి పేరు కరపత్రంలో ఆఖరి వరుసలలో ఉండే పేరు. కుమారుని పేరు పాటల పుస్తకం మొదటిపుటకు ఎక్కింది. ఒకే ఇంటి కాగితాలను విడదీయకుండా ఉంచినప్పుడు ఈ పరిణామం రెండు తరాల చేతిరాతలలో కనిపిస్తుంది. విడివిడిగా అమ్మితే తండ్రి కాగితానికి కొనుగోలుదారు దొరకడు.

విజయనగరంలో పుట్టి అక్కడి కళాశాలలో చదివిన పి. సుశీల నాటికి నేపథ్యగానం పూర్తిగా స్థిరపడింది. నటీమణి ఛాయాచిత్రం మీద నటి సంతకం ఉంటుంది. ఆ నటి పెదవుల మీద పలికిన పాటకు సంతకం గాయని గొంతు. సంతకాలు సేకరించే అభిమాని మొదటిదానినే కోరుకొన్నాడు. గాయకుల, వాద్యకారుల చేవ్రాళ్లు సేకరణలలో తక్కువగా చేరడానికి ఇది ఒక కారణమని ఊహించవచ్చు.

చలనచిత్ర యుగంలో సంతకాల సంఖ్య పెరిగింది, సందేహాలు కూడా పెరిగాయి. స్వయంగా సిరాతో చేసిన సంతకం, కార్యదర్శి చేసిన సంతకం, రబ్బరు ముద్ర, ఛాయాచిత్రంతో పాటు అచ్చయిన సంతకం అని నాలుగు రకాలను విడదీసి చూడాలి. భూతద్దం కింద సిరా గీత కాగితపు పోగులలోకి ఇంకినట్టు కనిపిస్తుంది. ఒకదానినొకటి దాటే గీతల దగ్గర చిక్కబడుతుంది. అచ్చు సంతకం చుక్కలుగా విడిపోతుంది, లేదా ఛాయాచిత్రపు పూతలో కలిసిపోయి వేరుగా పైకి తేలదు. రబ్బరు ముద్రలో ఒత్తిడి అంతటా ఒకేలా ఉంటుంది. ఇనుప లవణాలు గల పాతసిరా కాలక్రమంలో నలుపు నుంచి గోధుమరంగుకు తిరుగుతుంది. బాల్‌పెన్ను పెద్దయెత్తున బజారుకు వచ్చినది 1945 తరువాత. కాబట్టి 1935 నాటి పాటల పుస్తకం మీద బాల్‌పెన్ను సంతకం ఉంటే, అది చిత్రం విడుదలయిన రోజులది కాదని చెప్పవచ్చు. నకిలీ అని మాత్రం వెంటనే తేల్చరాదు. వృద్ధాప్యంలో ఉన్న కళాకారుని దగ్గరకు ఎవరో ఆ పుస్తకాన్ని తీసుకువెళ్లి ఉండవచ్చు. అప్పుడది మరొక చరిత్ర: మరచిపోయిన కళాకారుని ఒకరు గుర్తుపెట్టుకొన్న చరిత్ర.

సంతకం చేయనివారు

పై ఆధారాలన్నీ అక్షరం తెలిసినవారివి, సభలలో ఆసనం దొరికినవారివి, ఎక్కువగా పురుషులవి. ఈ పరిమితిని గుర్తించని సేకరణ చరిత్రను వంకరగా చూపుతుంది.

వేలిముద్ర విషయం మొదట చూడాలి. ఒప్పందపత్రాల మీద చేతిముద్ర వాడుకకు సంబంధించి ప్రపంచమంతటా చెప్పుకొనే తొలి ఆధునిక ఉదాహరణ భారతదేశానిదే. 1858లో బెంగాలులో విలియం హెర్షెల్ అనే అధికారి రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారు చేత ఒప్పందం వెనుక అరచేతి ముద్ర వేయించాడు. తరువాత వేలిముద్ర న్యాయస్థానాలలో సంతకంకంటె బలమైన గుర్తింపుగా స్థిరపడింది. సంతకాల విపణిలో మాత్రం వేలిముద్ర పడిన కాగితానికి విలువ లేదు. భాగవత మేళంలోని మృదంగగాడు, తప్పెటగుళ్ల దళనాయకుడు తీసుకొన్న బయానా చీటీ మీద వేలిముద్ర ఉన్నదనుకొందాం. సేకర్తకు అది అనామకుని గుర్తు. చరిత్రకారునికి అది ఒక కళాకారుని శరీరం తాకిన స్థలం. దస్తూరి రాసినవాడు ఆ గుర్తు పక్కన పేరు, ఊరు రాసే అలవాటు ఉన్నందువల్ల ఆ కళాకారుడు నిజానికి అనామకుడు కూడా కాడు.

కళావంతుల విషయం ఇంతకంటె జటిలమైనది. ‘కన్యాశుల్కం’ తొలి ప్రదర్శన జరిగిన కాలంలోనే మద్రాసు రాష్ట్రంలో మేజువాణీల వ్యతిరేకోద్యమం బలపడింది. 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధచట్టంతో దేవాలయ సమర్పణ శిక్షార్హమయింది. ఆ వ్యవస్థలోని దోపిడీని అరికట్టడం అవసరమే. కానీ దానితో పాటు పదం, జావళి, అభినయం తరతరాలుగా నిలబెట్టిన స్త్రీల పేర్లు కూడా మరుగుపడ్డాయి. కోస్తా ఆంధ్రలోని కళావంతుల జీవితాలను పరిశీలించిన డేవేష్ సోనేజీ 2012లో ప్రచురించిన గ్రంథంలో, ఆ స్త్రీలు బహిరంగ సభలకు దూరమై ఇంటి నాలుగు గోడల మధ్యనే తమ కళను స్మరించుకొన్న తీరును వివరించాడు. కళే దాచుకోవలసిన విషయమయిన ఇంట్లో, ఆ కళకు సాక్ష్యమయిన ఛాయాచిత్రం, ఉత్తరం, గజ్జెలు గర్వంగా గూట్లో పెట్టుకొనే వస్తువులుగా మిగలవు. ఆ కాగితాలు తగ్గిపోవడానికి చెదపురుగు ఒక్కటే కారణం కాదు. సమాజం నేర్పిన సిగ్గు కూడా కారణం.

ఇక్కడ సేకర్తకు ఒక నైతిక బాధ్యత ఏర్పడుతుంది. కుటుంబం దాచుకొన్న పేరును విపణిలోకి తేవడం పరిశోధన అనిపించుకోదు. కుటుంబం అనుమతించినంత మేరకే నమోదు చేయాలి. కాగితం వారి దగ్గరే ఉండి, దాని ఛాయాప్రతి మాత్రమే గ్రంథాలయానికి చేరే ఏర్పాటు ఉండాలి. పాట తెలిసిన ముసలమ్మ గొంతును నమోదు చేయడం, ఆమె ఎవరి దగ్గర నేర్చుకొన్నదో ఆమె మాటల్లోనే రాసుకోవడం ఇటువంటి చోట చేవ్రాలు సేకరణతో సమానం.

సేకరణకు తగిన పద్ధతి

పై పరిశీలన నుంచి కొన్ని నియమాలు తేలుతాయి. మొదటిది, కాగితాన్ని కత్తిరించకూడదు. ఉత్తరం చివరి భాగాన్ని కోసి సంతకాన్ని మాత్రమే పుస్తకంలో అంటించుకొనే అలవాటు పాశ్చాత్య సేకర్తలలో చాలాకాలం ఉన్నది. కోసిన సంతకం అందంగా ఉంటుంది. కానీ ఎవరికి, ఎప్పుడు, ఎందుకు అనే ప్రశ్నలకు మూగపోతుంది. రసీదు, కవరు, తపాలా ముద్ర, వెనుకపక్క ఉన్న పెన్సిలు లెక్కలు, అన్నీ ఆధారాలే.

రెండవది, కాగితం ఎవరి ఇంటి నుంచి ఎవరి చేతికి వచ్చిందో వరుసగా నమోదు చేయాలి. నకిలీని పట్టుకోవడంలో సిరా పరీక్షకంటె ఈ వరుస తరచుగా ఎక్కువ సాయపడుతుంది.

మూడవది, స్థలనామాలను కాలంతో కలిపి చూపాలి. అజ్జాడ, సాలూరు ప్రాంతాలు మొదట విశాఖపట్నం జిల్లాలోనివి. 1950లో శ్రీకాకుళం జిల్లాలోనివి. 1979లో విజయనగరం జిల్లాలోనివి. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోనివి. కాగితం మీది జిల్లా పేరును ఇప్పటి పేరుగా దిద్దితే కాలనిర్ణయానికి ఉన్న ఒక ఆధారాన్ని మన చేతులతో మనమే చెరిపినట్టవుతుంది.

నాలుగవది, వివరణపట్టికలో చేవ్రాలు, అచ్చు సంతకం, వేలిముద్ర, పాటలోని ముద్ర, గొంతు ప్రకటన అనే రూపాలన్నిటికీ స్థానం ఉండాలి. ఒక కళాకారుని కింద ఈ ఐదింటిలో ఏది దొరికితే అది చేరుతుంది. అప్పుడు అక్షరం రాని భాగవతుడు, కచేరీలకు నోచుకొన్న విద్వాంసుడు ఒకే సూచికలో పక్కపక్కన నిలుస్తారు.

ఈ పనికి ప్రాంతీయ ఆదర్శం దూరాన లేదు. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో ప్రారంభించిన కథానిలయం తెలుగు కథలను, సంపుటాలను, పత్రికలను ఒకచోట చేర్చింది. పేరుపొందిన కథతో పాటు ఒకే ఒక్క కథ రాసి మరుగుపడిన రచయితకు కూడా అక్కడ చోటున్నది. ఏది గొప్పదో ముందే తేల్చి సేకరించడం కాక, ఉన్నదంతా చేర్చి గొప్పదేదో తరువాతివారు తేల్చుకొనే వీలు కల్పించడం ఆ సంస్థ చూపిన మార్గం. కరపత్రాలకు, రసీదులకు, పాటల పుస్తకాలకు, గ్రామఫోను ప్లేట్లకు అదే మార్గం వర్తిస్తుంది. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు జానపద సాహిత్య సేకరణకు విద్యార్థులను పల్లెలకు పంపినట్టే, కళాకారుల ఇళ్లలోని కాగితాల నమోదుకు కూడా పంపవచ్చు. పాత భోషాణంలో ఉన్న కాగితం చిత్తుకాగితాల బండికి చేరడానికి ఇల్లు మారడం, గోడలకు సున్నం వేయడం వంటి చిన్న కారణాలు చాలు.

ముగింపు

ఉత్తరాంధ్ర తొలితరం కళాకారుల చేవ్రాళ్లు మూడు చోట్ల నిలిచాయి: పాటలో ముద్రగా, లెక్కలలో రసీదుగా, ప్లేటు మీద గొంతుగా. అభిమాని పుస్తకంలోని సంతకం ఈ వరుసలో చివర వచ్చినది, తక్కువ చెప్పేది. విపణి దీనికే ఎక్కువ వెల కడుతుంది. ఆ వెలను అనుసరించి సాగే సేకరణలో చలనచిత్ర తారలు మిగులుతారు. మృదంగం వాయించిన తండ్రి, పదం నేర్పిన స్త్రీ, రాత్రంతా సత్యభామగా ఆడి తెల్లవారి వేలిముద్ర వేసిన భాగవతుడు మిగలరు. ముద్ర అన్న తెలుగుమాట వేలికీ, పాటకూ, హస్తానికీ, మొహరుకూ సమానంగా చెల్లుతుంది. సేకరణ పట్టిక కూడా ఆ మాటంత విశాలంగా ఉన్నప్పుడే అది ఈ ప్రాంత కళాచరిత్రకు నమ్మదగిన ఆధారమవుతుంది.